పాత రేవు పటం, మూడో ప్రతి

తుఫాను షెల్టర్లో బల్ల మీద
కృష్ణపట్నం పాత రేవును పరిచాను.
నాలుగడుగుల కాగితం,
ఎటు విప్పినా అటే చుట్టుకుంటోంది.
ఒక మూల టీ గ్లాసు, ఇంకో మూల నా సెల్లు.
మిగిలిన రెండు మూలలకీ
పామంజి ఏలుమలై, ఒళ్ళో కుడుతున్న వల అంచు నుంచి
రెండు సీసపు గుండ్లు విప్పి పెట్టాడు.
కాగితం అప్పటికి ఒప్పుకుంది.

రంగులు చదివి వినిపించాను.
నీలం, లోతు తవ్వే చోటు.
ఆకుపచ్చ, నడకదారి, కూర్చునే బెంచీలు, సరుగుడు నీడ.
గోధుమరంగు, ఉప్పు కొఠార్లు. వాటిని పడగొట్టరు,
సున్నం కొట్టి, మొలగొలుకుల బస్తాలు
ఏ కాలంలో ఏ పడవెక్కాయో గోడ మీద రాయిస్తారు.
తెలుపు ఏమీ కాదు, ఖాళీ.

"ఖాళీనా సామీ?"
నెత్తళ్ళ పొలుసు అంటిన వేలు
తెలుపు మీద ఆనించింది ఆవుల చెంచమ్మ.
"ఈడ నా ఎండుచేప. ఈడ మా చిన్నాయన వల.
ఈడ నా కూతురు పెళ్ళి పందిరి.
నువ్వు ఏ పొద్దున ఆరింటికో వచ్చుంటావు,
పడవలొచ్చేది పదింటికి గదా."

ఆరింటికే వచ్చాను.
డ్రోను ఎగిరినప్పుడు గాలి లేదు, ఎండ లేదు, మనిషి లేడు.
ఎంత శుభ్రంగా వచ్చిందో బొమ్మ అని
ఆఫీసులో అందరికీ చూపించుకున్నాను.

"ఉత్తరానికి బాణం గీశావు. గాలికేదీ?
ఉత్తరాన్ని చూసి చేప ఎండదు నాయనా."

కొమారి జయకర్‌కి ఈ మాటలు విసుగు.
"పెద్దమ్మా, నువ్వుండు.
సార్, బెంచీలు మాకొద్దు, ఐసు ప్లాంటు గీయండి.
డీజిల్ బంకు గీయండి.
చీకట్లో దిగేవాడికి కాలి కింద లైటు గీయండి."
"కొఠారు కూడా ఉండాలి" అన్నాడొకాయన వెనక నుంచి.
"ఉంటే నీకేంది, కూలితే నీకేంది" అన్నాడింకొకాయన.
తర్వాత కాసేపు ఎవరి మాట ఎవరిదో
నేను రాసుకోలేకపోయాను.

పడవల వడ్రంగి ఖాజా రసూలు మాత్రం
నా చెయ్యి పట్టుకుని నీటి అంచుకు తీసుకుపోయాడు.
"మీ గోడ నిలువుగా ఉంది బాబూ.
చిల్లు పడ్డ పడవను పైకి ఎట్టా లాగాలి?
ఏటవాలు ఏదీ?"
ఏటవాలు లేదు.
కొలతల్లో అది వంకరగా వచ్చిందని
సరిచేసింది నేనే.

అక్కడే లంగరు రాయి.
మోకులు ఒరిసి ఒరిసి పడ్డ గాళ్ళు.
ఒకదాంట్లో నా చిటికెన వేలు పట్టింది,
ఒకదాంట్లో రెండు వేళ్ళు.
"ఏ ఓడది ఇంత లోతు గాడి?" అన్నాను.
"ఓడది కాదు బాబూ, రోజుది."

రెండో ప్రతిలో ఈ రాయి పేరు వారసత్వ అంశం ఏడు.
చుట్టూ ఇత్తడి గొలుసు, ముందొక పలక.
ఇప్పుడు దానికి ఒక పడవ కట్టి ఉంది,
పాటు నీటికి మోకు బిగుస్తూ, వదులవుతూ.

మూడో ప్రతి నిన్న రాత్రి ముగించాను.
గోడ తీసి ఏటవాలు పెట్టాను, ఐసు ప్లాంటు పెట్టాను,
రెండు బెంచీలు మిగిలాయి.
తెలుపు ఉన్న చోట ఏ రంగు వేయాలో
మా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.
ఏటవాలు గీతలు నింపి పక్కన రాశాను:
పది దాటాక చేపలు, వేట నిషేధంలో వలలు,
ముహూర్తాలకు పందిరి,
గాలి ఎటునుంచో చెంచమ్మను అడగాలి.

"ఇదేం సూచిక?" అన్నాడు ఆఫీసరు.
సంతకం పెట్టలేదు. వెనక్కీ పంపలేదు.

హడావుడిలో ఒక సీసపు గుండు
నా సంచిలో వచ్చేసింది.
ఫ్యాను కింద కాగితాల మీద పెట్టాను, బాగానే ఆగుతున్నాయి.
రేపు తీసుకెళ్ళి ఇవ్వాలి.
అందాకా ఏలుమలై వల అంచున ఒక జానెడు మేర
అడుగు తాకకుండా తేలుతూ ఉంటుంది.